బెండు కింద, గుండు పైన

రోజు 203

ఈ కట్టలో అడుగున ఉన్న కాగితం ముందు రాసింది, పైనున్నది తర్వాత రాసింది. ఎవరి చేతికి అందినా తిరగేసి పెట్టకుండా అడుగు నుంచి పైకి చదువుకుంటూ రండి. పొరలు చదివేవాళ్ళం లెక్కలన్నీ ఇలాగే పెడతాం. తారీఖు వేయడం లేదు. తారీఖులు లెక్కపెట్టే యంత్రాలు మా ముత్తవ్వల కాలానికే ఆగిపోయాయి. నేను ఈ సున్నపు లోయకు వచ్చి రెండు వందల మూడు రోజులైంది. అంతవరకు నాకు ఖాయంగా తెలుసు.

పొద్దున్నే కుండ గీకాను. ఇక్కడి ఊట నీళ్ళలో ఉన్న సున్నం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదేమో. వారానికొకసారి గీకకపోతే కుండ అడుగు మందమై నీళ్ళు పట్టే చోటే మిగలదు. ఊట పక్కన మరిచిపోయిన గోనెసంచి రెండు నెలల్లో రాయిలా బిగుసుకుపోయింది. ఒక్కచోట కదలకుండా కూర్చుంటే నాకూ అదే గతి పడుతుందని, రోజూ ఏదో ఒక పని పెట్టుకుంటున్నాను. గీకడం అయ్యాక రాగి అంబలి, ఎండుచేప ముక్క. ముక్కలు ఇంకా అరవై ఉన్నాయి.

మధ్యాహ్నం రేడియోలో మంచి మాట వినబడింది. తెప్పలూరు కదిలింది.

మా ఊరంటే ఊరు కాదు. మునిగిపోయిన డెల్టా మీద యాభై ఒక్క తెప్పలు ఒకదానికొకటి కట్టుకుని, ఆరు వందల నలభై మందిమి బతుకుతున్నాం. దుంగలు పుచ్చిపోయాయి. రెండేళ్ళ కిందటి తుఫానుకు పదకొండు తెప్పలు పోయాయి. ఇంకొకటి తట్టుకోలేం. అందుకే నేల వెతకమని నన్ను ఏటికి ఎదురు పంపారు. నేను ఈ లోయ చూశాను, గోడ చదివాను, పొరల లెక్కకు తాడు కట్టి మొన్నటి ఎండల్లో పడవలో పెట్టి ఏటివాలుకు వదిలాను. పడవ మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఊరే వస్తోంది. ఇరవై నాలుగు రోజుల్లో ఇక్కడ ఉంటారట.

రోజు 205

ఇళ్ళకు రాళ్ళు పేరుస్తున్నాను. లోయ అడుగు చదునుగా, పెద్ద పళ్ళెంలా ఉంటుంది. ఒక్కో ఇంటికి నాలుగు మూలల రాళ్ళు, గుమ్మం దగ్గర ఒక పలక. ఈ పూటకు ఇరవై ఎనిమిది ఇళ్ళయ్యాయి. నూకరత్నం పిన్ని ఇల్లు ఊటకు దగ్గరలో, గుమ్మం తూర్పుకు పెట్టాను. ఆమె మోకాళ్ళు దూరం నడవవు. దాని పక్కది నాది. మధ్యలో గోడ ఒక్కటే ఉంటే రాళ్ళు కలిసొస్తాయని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి రాళ్ళకు ఇక్కడ కరువేమీ లేదు. గోడ అవతల ఎవరో దగ్గితే వినాలని ఉంది.

తాడు సంగతి రాసి పెట్టాలి. మేం వలలు అల్లే జనం, అందుకని పొరల లెక్క కూడా తాడు మీదే పెడతాం. ఏటి ఒడ్డున కోసుకుపోయిన గోడ చూస్తే పొరలు వరసగా కనబడతాయి. అడుగున ఉన్నది ముందు పేరుకున్నది, దాని మీదది తర్వాతది. పొరకొక ముడి. మామూలు బురదకు ఒంటిముడి. ఏరు నెమ్మదిగా పారితే సన్నటి బురదే దిగుతుంది. పెద్ద వరద వస్తే గులకరాళ్ళు దొర్లించుకొస్తుంది, దానికి రెట్టముడి. బూడిద పొరకు తెల్ల గుడ్డ పీలిక. అడుగు వైపు ఈయపు గుండు కడతాం, పై వైపు నీటిలో తేలే బెండు. వలకు కట్టేవే. సభలో దూలానికి వేలాడదీస్తే గుండు కిందికి లాగుతుంది. కళ్ళు కనబడని వాళ్ళు కూడా తడుముతూ ఏది ముందో ఏది వెనకో చెప్పగలరు.

నేను పంపిన తాడులో గుండు వైపు ఏడు రెట్టముళ్ళు, వాటి పైన బెండు దగ్గర తెల్ల పీలిక. బూడిద పడిన ఏడాది అంటే మా వాళ్ళలో తెలియని వాళ్ళు లేరు. సముద్రం అవతల నిప్పుకొండ పేలి, ఏడాది పొడుగునా ఆకాశం తెల్లగా ఉండిపోయిన ఏడు. ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. రాళ్ళూ చెప్పవు. కానీ ఆ తర్వాత గాలులు మారాయి, వానలు మారాయి. ఏడు వరదలూ బూడిదకు ముందువే అయితే, ఆ కాలంతో పాటే అవీ పోయాయని అర్థం. లోయలో నిశ్చింతగా ఉండొచ్చు. తాడు తడిమి పెద్దలు అలాగే తేల్చారు.

రోజు 206

మూడు రోజులకోసారి, పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు, రేడియో. అరగంట పెడల్ తొక్కితే నాలుగు మాటలకు సరిపడా కరెంటు పుడుతుంది. ముందు తెప్పలో రేడియో చూసుకునేది నూకరత్నం పిన్ని. నన్ను పెంచింది కూడా ఆమే.

"ఇన్నావేటే వరాలూ? ఏటికి ఎదురు తోసి తోసి మగాళ్ళ నడుములు ఇరిగిపోతన్నాయి. నా ఇల్లెక్కడ కట్టేవ్?"

"ఊట పక్కనే పిన్నీ. గుమ్మం తూర్పుకి. పక్కిల్లు నాది."

"అయితే నీ గురక నాకే అన్నమాట."

"గురక నీది. డెల్టా మునిగింది దానికే అంటారు."

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వుకే కరెంటు సగం ఖర్చయింది. రేడియో ఆగిపోయాక కూడా పెడల్ మీదే కూర్చున్నాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాతో నేను మాట్లాడుకునేదాన్ని. మూడో నెలలో అది మానేశాను. ఎందుకంటే చెప్పేది ముందే తెలిసిపోతోంది.

రోజు 209

ఈ రోజు ఒక మనిషి దొరికింది. మనిషి కాదు, పాదం.

పిల్లలు ఎక్కడానికి వీలుగా గోడ మొదట్లో మెట్లు చెక్కుతున్నాను. రెండో మెట్టు దగ్గర బురద పొర పెచ్చులా లేచి వచ్చింది. దాని కింద గట్టి ఇసుక పొర. దాని మీద కుడి పాదం. అయిదు వేళ్ళు, మడమ, బొటనవేలి పక్కన చిన్న కాయ. పెద్దది కాదు, ఆడమనిషిదే అయి ఉంటుంది. చేతిలో ఉలి జారిపోయింది. రెండు వందల రోజుల తర్వాత నాది కాని పాదం చూశాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

తర్వాత చెప్పు విప్పి నా కాలు అందులో పెట్టబోయాను. దిగలేదు. ఆ పాదం గుంట కాదు. ఉబ్బెత్తుగా, ఇసుక మీద లేచి ఉంది. ఎవరో కింద నుంచి అరికాలు పైకెత్తి పెట్టినట్టు ఉంది. అరికాలికి అరికాలు ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాను. రాయి ఎండకు కాగి వెచ్చగా ఉంది. అప్పుడు నాకు సంతోషం తప్ప ఇంకేమీ తోచలేదు. అది కూడా రాసి పెడుతున్నాను.

రోజు 210

బురదలో కాలు వేస్తే గుంట పడుతుంది. గుంటలోకి ఇసుక దిగి గట్టిపడుతుంది. ఆ ఇసుకను అడుగు వైపు నుంచి చూస్తేనే పాదం ఉబ్బెత్తుగా కనబడుతుంది. నేను పై నుంచి చూశాను.

ఇది రాయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. పొద్దంతా కుండ గీకుతూ కూర్చున్నాను. కుండ నిన్ననే గీకాను.

తర్వాత గోడ దగ్గరకు వెళ్ళి బీటలు చూశాను. ఎండిన బురద ఎక్కడైనా పైన వెడల్పుగా నెర్రె విచ్చుతుంది, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. నా గుడారం ముందు వాకిలే అందుకు సాక్ష్యం. గోడలో ఇసుక నిండిన బీటలు పద్నాలుగు లెక్కపెట్టాను. పద్నాలుగూ కింద వెడల్పు, పైన సన్నం.

వరద పొరలు చూశాను. వరద తగ్గేటప్పుడు బరువైన రాళ్ళు ముందు దిగుతాయి, సన్నది చివర్న దిగుతుంది. ఏడు పొరల్లోనూ పెద్ద రాళ్ళు పైన ఉన్నాయి, సన్నది కింద ఉంది. ఇది నాకు కొత్త సంగతి కాదు. పదహారో రోజు కాగితం తీసి చూసుకున్నాను. "రాళ్ళు పైన, సన్నది కింద. ఈ ఏటి తీరే అంత కాబోలు" అని నా చేత్తోనే రాసి ఉంది. కాబోలట! నన్ను నేనే చెంప మీద కొట్టుకుందామనిపించింది.

ఈ గోడ గోడ కాదు. మూడు నిలువుల ఎత్తున్న పెద్ద ముక్క. సున్నపు నీటికి గట్టిపడి, ఎప్పుడో ఏరు అడుగు తొలిచేస్తే పై గట్టు నుంచి విరిగి, తలకిందులుగా పడింది. నేను దాన్ని నిటారుగా ఉందనుకుని చదివాను. అలా అయితే బూడిద అడుగుది. ఏడు వరదలూ దాని తర్వాతివి. పోయిన కాలానివి కావు, మన కాలానివి.

అలా అయితే, అన్న మాట దగ్గరే ఆపుతున్నాను. ఇంకా రెండో గోడ చూడలేదు.

రోజు 211

నాకు పొరలు నేర్పింది గవర్రాజు మాస్టారు. పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. తాడు మీద ముడులు వదులుగా వేయాలి. రెండో చోట అదే వరస కళ్ళారా చూశాకే తడిపి బిగించాలి. బిగించిన ముడి మళ్ళీ విప్పరు. "ఒక్క గోడ మాట ఒక్క మనిషి మాటలాంటిదే. అబద్ధం కాకపోవచ్చు, అయినా ఇంకోళ్ళని అడగాలి" అనేవాడు.

నేను అడగలేదు. రెండో గోడ ఏటికి అవతల, రాళ్ళ గుట్ట వెనక ఉంది. ఎక్కడానికి తాడు పట్టే మనిషి ఇంకొకరు కావాలి. ఒక్కదాన్ని ఎలా ఎక్కను అనుకున్నాను, తడిపి బిగించేశాను. ఈ రోజు ఒక్కదాన్నే ఎక్కాను. మోచేయి చీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. అంటే అప్పుడూ ఎక్కగలిగేదాన్నే.

గునపంతో రాళ్ళ కుప్ప తొలగించాను. అడుగున తెల్లటి బూడిద, వేలు పెడితే పిండిలా అంటుకుంది. దాని మీద ఒకటి, రెండు, మూడు, అలా ఏడు వరదలు. ఏడింటిలోనూ పెద్ద రాళ్ళు అడుగున, సన్నది పైన. ఏడో వరద మీద బెత్తెడు బురద, దాని మీద గడ్డి. ఈ గోడ ఎక్కడ పేరుకుందో అక్కడే ఉంది.

మొదటి గోడలో పాదం దొరికిన పొరకు ఇక్కడ సరిపడేది నాలుగో వరద మీది బురద, అందులో పాదాలు వెతికాను. దొరకలేదు. దాని మీద అయిదో వరద రాళ్ళలో మాత్రం ఒక ఈయపు గుండు దొరికింది. వలకు కట్టేది. మధ్యలో బెజ్జం, అంచున తాడు ఒరిసిన గాడి. అచ్చం మాలాంటి వాళ్ళది. పొరలో చిక్కుకున్న వస్తువు ఆ పొర కన్నా పాతదై తీరాలి. వల వేసే మనుషులు ఈ లోయలో ముందు ఉన్నారు. వరద తర్వాత వచ్చి, వాళ్ళ గుండును గులకరాళ్ళలో కలిపేసింది. వాళ్ళేమయ్యారో గోడ చెప్పదు. ఆ బొటనవేలి పక్కన కాయ గుర్తుకొచ్చింది.

గుండు జేబులో వేసుకుని దిగాను. కింద యాభై ఒక్క ఇళ్ళ మూలరాళ్ళు ముచ్చటగా కనబడ్డాయి.

రోజు 212

రేడియో రోజు. చెప్పలేదు.

చెబుదామనే పెడల్ తొక్కాను. పిన్ని గొంతు రాగానే, "వరాలూ, నీకని పనసగింజలు దాచేనే. నాలుగు రోజుల్లో రెండేరుల కూడలి కాడికొచ్చేత్తాం. అక్కడ కుడి పాయ పట్టుకుంటే ఇంక నీ గుమ్మమే" అంది. నేను "ఆఁ పిన్నీ" అన్నాను. "గొంతేటలాగుంది?" అంది. "జలుబు" అన్నాను. ఆ తర్వాత తను పనసగింజల సంగతే మాట్లాడింది, నేను వింటూ కూర్చున్నాను.

నిజం చెబితే వాళ్ళు కూడలి దగ్గర ఎడమ పాయ పట్టాలి. అటు పోతే పలకల మెట్ట. ఎత్తు, గాలి, బోడి రాయి. వరద ఎన్నటికీ అందదు, తాగే నీళ్ళూ అందవు. పూటకు రెండు సార్లు కావిళ్ళతో మోసుకోవాలి. ఎవరూ ఇష్టపడని చోటు. నేనేమో ఇక్కడ. పడవ లేదు. పడమటి కొండల మీద వానలు మొదలైతే ఏటి వెంట నడవడానికి దారే ఉండదు. ఇంకో వానకారు మొత్తం ఒక్కదాన్నే.

వరద ఈ ఏడే వస్తుందని ఎక్కడుంది? అని గుడారంలో పైకే అన్నాను. మూడో నెలలో మానేసిన అలవాటు మళ్ళీ వచ్చింది.

రోజు 213

ఇది రేడియో రోజు కాదని తెలుసు. అయినా తొక్కాను. కాళ్ళు పట్టేసేదాకా తొక్కి, పిన్నీ, పిన్నీ అని పిలిచాను. అవతల ఎవరూ లేరు. ఉత్త బుసబుస.

నిన్న చెప్పాల్సిన మాట ఈ రోజు చెబుదామంటే వినేవాళ్ళు లేరు. ఎల్లుండి మధ్యాహ్నం దాకా ఆగాలి. ఆ మర్నాడే వాళ్ళు కూడలికి చేరతారు. ఒక్క రోజు వ్యవధి. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి రేడియో పలకకపోతే? ఆరు వందల నలభై మంది నా గుమ్మం ముందుకు వస్తారు. నేను వాళ్ళకు ఇళ్ళు చూపిస్తాను. ఆ తర్వాత ప్రతి వానాకాలం ఏరు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటూ పడుకుంటాను. ఆ బతుకు ఊహించుకుంటే, ఒంటరితనమే మేలనిపించింది.

రోజు 215

చెప్పాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పిన్ని పలకరించగానే, "పిన్నీ, పెద్దయ్యను పిలువు" అన్నాను. ఊరి పెద్ద మాచర్రావుగారు. డెబ్బై ఏళ్ళ మనిషి. తుఫానులో పోయిన పదకొండు తెప్పల్లో ఆయన కొడుకు తెప్ప ఒకటి.

"చెప్పమ్మా వరాలమ్మా."

"పెద్దయ్యా, లోయకు రావద్దు. ఎడమ పాయ పట్టండి."

"తాడు నా ముందే ఏలాడతంది. అందరం తడిమేం. ముడులు బిగిసి ఉన్నాయి."

"బిగించింది నేనే. రెండో గోడ చూడకుండా బిగించాను. మొదటి గోడ తలకిందులుగా పడిన ముక్క. నాకు తెలియలేదు. తెలిసే గుర్తులున్నాయి, పట్టించుకోలేదు. ఏడు వరదలూ బూడిద తర్వాతివి పెద్దయ్యా. ఒక వరదలో వల గుండు దొరికింది. మనలాంటి వాళ్ళే ఇక్కడ ఉన్నారు. ఇప్పుడు లేరు."

"సూడకుండా ఎందుకు బిగించేవ్?"

ఇంక అబద్ధం చెప్పి లాభం లేదు. "ఒక్కదాన్నే ఉండలేక" అన్నాను. "లోయ మంచిదైతే మీరంతా వస్తారని."

పెడల్ ఆపితే మాట తెగిపోతుందని ఏడుస్తూనే తొక్కుతున్నాను. ఆయన తిడతాడనుకున్నాను. వెనక ఎవరో తిట్టారు కూడా. "పెళ్ళాం పిల్లల్ని ఏటికి ఎదురు లాక్కొచ్చేం, ఇప్పుడు సెప్తాదా" అని ఒక మగ గొంతు. మాచర్రావుగారు వాళ్ళను ఊరుకోమన్నాడు.

"బిగించిన ముడి ఇప్పం. అది మన కట్టుబాటు. మరేం సెయ్యమంటావ్?"

"విప్పక్కర్లేదు. ముడులన్నీ సరైనవే, వరస తిరగబడింది అంతే. తాడు తిప్పి కట్టండి. బెండు కింద, గుండు పైన."

తాడు విప్పుతున్న చప్పుడు వినబడింది. తర్వాత గుండు దూలానికి ఠంగుమని కొట్టుకుంది. ఎంతమంది తడిమారో తెలియదు. నేను తొక్కుతూనే ఉన్నాను.

"తెల్లపీలిక అడుక్కొచ్చింది" అన్నాడు మాచర్రావుగారు చివరకు. "రెట్టముళ్ళన్నీ దాని మీదే." "సరే. మెట్టకే ఎల్తాం" అన్నాడు.

పిన్ని లాక్కున్నట్టుంది రేడియో. "నువ్వెలాగొత్తావే? కూడలి కాడ ఆగుతాం."

"ఆగొద్దు పిన్నీ. ఇక్కణ్ణుంచి కూడలి పదకొండు రోజుల దారి. మీ వెనక తుఫానుల కాలం ఉంది."

"ఒసే, నా పక్కిల్లు..." అంది. అక్కడ కరెంటు అయిపోయింది.

రోజు 218

కూడలి దాటారట. ఎడమ పాయలో ఉన్నారు. పిన్ని రెండే మాటలు మాట్లాడింది. చుట్టూ జనం ఉన్నారేమో. పనసగింజలు పారెయ్యలేదంది.

సామాను పై గట్టుకు చేరవేస్తున్నాను. గట్టు ఏడో వరద మట్టానికి మూడు నిలువుల పైన ఉంది. రేడియో, పెడల్, కాగితాల కట్ట, ఎండుచేపలు నలభై ఆరు. ఇళ్ళ రాళ్ళు మాత్రం తీయలేదు. తీయడానికి చేతులు రాలేదు.

రోజు 239

మెట్ట మీద నుంచి గొంతు సన్నగా వస్తోంది.

"కావిడి మోసి మోసి బుజాలు కాయలు కాసేయే. నిన్న ఇద్దరు కుండ కాడ కొట్టుకున్నారు. ఇక్కడ సుక్క వాన లేదు. నీకాడ పడిందా?"

"లేదు పిన్నీ. ఆకాశం అద్దంలా ఉంది."

"అందరూ నన్నే అడుగుతున్నారే. వరాలమ్మ వరద ఏదీ అని. మొన్న మాచర్రావుగారిని కూడా అడిగేరు. నువ్వు నిజంగా సూసేవా?"

ఆ మాట గుచ్చుకుంది. ఆమె అలా అడుగుతుందనుకోలేదు. అడిగే హక్కు నేనే ఇచ్చానని కూడా తెలుసు.

"చూశాను. ఏది ముందో ఏది వెనకో చెప్పగలను పిన్నీ. ఎప్పుడో చెప్పలేను. ఈ ఏడు కావచ్చు, నువ్వూ నేనూ పోయాక కావచ్చు."

"మరదేం సదువే?" అంది. కోపంగా కాదు, అలసటగా.

ఊటలో ఎన్ని నీళ్ళున్నాయో కుండ పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఆరు వందల నలభై మందికి సరిపోయే నీళ్ళు.

రోజు 251

బ్యాటరీ పొట్ట ఉబ్బి పగిలింది. పెడల్ తొక్కితే చిన్న దీపం వెలుగుతోంది కానీ రేడియో పలకడం లేదు. తెలిసిన మరమ్మతులన్నీ చేశాను. చివరగా నేను విన్న మాట, మూడు రోజుల కిందట పిన్ని అన్నది, "ఈ కారు దాటితే సూద్దారి, మళ్ళీ లోయకే ఎల్దామంటన్నారు మన కుర్రకారు" అని. అప్పుడు వద్దని అరిచాను. విందో లేదో తెలియదు.

దిగి వెళ్ళి పాదం దగ్గర కాసేపు కూర్చున్నాను. నీ మాట ఎవరైనా విన్నారా అమ్మా అని అడిగాను.

రోజు 263

వచ్చింది.

ఇక్కడ మబ్బు తునక లేదు. పొద్దు బారెడు ఎక్కింది, అంబలి కాస్తున్నాను. ముందు పిట్టలు లేచాయి. తర్వాత ఎక్కడో బండి దొర్లుతున్నట్టు చప్పుడు. పడమటి కొండల్లో కురిసిన వాన ఇప్పుడు చేరింది. ఎర్రటి నీరు లోయ మలుపులో గోడలా తిరిగింది. ఇళ్ళ మూలరాళ్ళు ఒక్కొక్కటే మునగలేదు. ఒకేసారి మాయమయ్యాయి. తలకిందుల ముక్క కాసేపు ఆగింది. మధ్యాహ్నానికి అది కూడా కదిలి, పాదంతో సహా వెళ్ళిపోయింది.

నీళ్ళు గట్టుకు ఒక నిలువు కింద దాకా వచ్చాయి. నేను లేచి నిలబడి, "చూశారా! చూశారా!" అని గొంతు చించుకుని అరిచాను. గంతులు కూడా వేశాను. అరుపు అవతలి గోడకు తగిలి తిరిగి వచ్చింది. అప్పుడు కూర్చుండిపోయాను. నెగ్గాను. మెట్ట మీద వాళ్ళు ఈపాటికి రెండో కావిడికి బయలుదేరి ఉంటారు, నన్ను తిట్టుకుంటూ. పిన్ని నన్ను వెనకేసుకొస్తూ ఉంటుంది, లేదా ఇప్పటికి మానేసి ఉంటుంది. వాళ్ళంతా బతికే ఉన్నారు. ఎందుకు బతికున్నారో వాళ్ళకు తెలియదు.

అంబలి మాడిపోయింది. అదే తిన్నాను.

రోజు 266

నీరు తీసింది. లోయ అడుగున మోకాలెత్తు గులకరాళ్ళు, వాటి మీద సన్నటి ఎర్ర బురద. పెద్ద రాళ్ళు అడుగున, సన్నది పైన. అంచున ఒకచోట నా పలక ఒకటి రాళ్ళలో చిక్కుకుని కనబడింది. నేను చెక్కిన గీత ఉంది దాని మీద. పిన్ని గుమ్మం పలక. దాన్ని లాగలేదు. పొరలో చిక్కినది పొర కన్నా పాతది. ఇక్కడ ఎవరో ఇంటికి గుమ్మం పెట్టుకున్నారని, వరద ఆ తర్వాత వచ్చిందని ఎప్పటికైనా ఒకరు చదువుకుంటారు.

కొత్త తాడు కట్టాను. అడుగున తెల్ల పీలిక, దాని మీద ఎనిమిది రెట్టముళ్ళు. పై కొసకు నా బెండు, కింది కొసకు అయిదో వరదలో దొరికిన వాళ్ళ గుండు. ఏడు ముడులు రెండు చోట్ల చూసినవి, ఎనిమిదోది రావడమే చూశాను. తడిపి బిగించాను. ఏరు ఇంకా తగ్గితే మెట్టకు నడుస్తాను. కుర్రకారు కన్నా ముందు చేరాలి. చేరలేకపోతే ఈ తాడు, ఈ కట్ట పై గట్టు మీద రాళ్ళ కింద ఉంటాయి.

ఇంకొక్క పని మిగిలింది. బురద ఇంకా మెత్తగా ఉంది. ఊట పక్కన, సున్నపు నీరు పారే చోట, చెప్పులు విప్పి కుడికాలు పెట్టాను. బరువంతా మోపాను. చీలమండ దాకా దిగింది. మెల్లగా తీసి చూశాను. గుంట శుభ్రంగా పడింది, అయిదు వేళ్ళతో సహా. దీన్ని చూసిన వాళ్ళెవరికీ ఏది పైనో ఏది కిందో అనుమానం రాకూడదు.

వచ్చేద్దామని తిరిగి, మళ్ళీ ఆగాను. పక్కనే ఎడమకాలు కూడా పెట్టాను. ఒక్కటే ఉంటే చూడబుద్ధి కాలేదు.